మీరు వినే స్టేషను ఎవరిది?

ఈ పేజీల్లో మీరు సాధారణంగా రేడియోలో వినిపించిన ప్రసంగాలు చదువుతుంటారు. ఈసారి ప్రసంగాన్ని కాసేపు పక్కన పెట్టి, ఆ ప్రసంగాన్ని మోసుకొచ్చే రేడియో స్టేషను గురించే మాట్లాడుకుందాం.

మీలో చాలామందికి ఈ అనుభవం ఉండే ఉంటుంది. రోజూ వినే చోటనే ముల్లు పెడతారు. ఒకనాడు అక్కడ అలవాటైన స్వరం ఉండదు. వేరే సంగీతం, వేరే పేరు, వేరే మనుషులు. రేడియో పాడైందేమోనని పక్కింటివారిని అడుగుతారు. వారికీ అంతే. ఒక్క మాటైనా చెప్పకుండా ఎందుకు మార్చేశారు? ఎవరు మార్చారు? మార్చే అధికారం వారికి ఎక్కడినుండి వచ్చింది? ఈ ప్రశ్నలకు జవాబు కావాలంటే వాణిజ్య రేడియో పుట్టి పెరిగిన అమెరికా దేశానికి, ముఖ్యంగా న్యూయార్కు నగరానికి వెళ్ళాలి. మన దేశం సంగతికి చివరలో వద్దాం.

ముందుగా ఒక సంగతి గమనించండి. మనం "స్టేషను" అని ఒక్క మాటలో అంటాం గాని, అందులో నాలుగు వేర్వేరు సంగతులున్నాయి. మొదటిది, రేడియోలో ముల్లు నిలిచే చోటు, అనగా ఫ్రీక్వెన్సీ. రెండవది, స్టేషను పేరు. అమెరికాలో ప్రభుత్వం ఒక్కొక్క స్టేషనుకు కొన్ని అక్షరాల గుర్తు ఇస్తుంది. మూడవది, యజమాని. నాలుగవది, అక్కడ వినిపించే కార్యక్రమాల తీరు. దీన్నే వారు ఫార్మాట్ అంటారు. ఒక ఇంటిని తలంచుకోండి. స్థలం అదే ఉంటుంది. గుమ్మం మీద పేరు మారవచ్చు, యజమాని మారవచ్చు, లోపల కాపురముండేవారు మారవచ్చు. రేడియోలో ఈ మార్పులన్నీ ఒకేసారి జరగనక్కరలేదు. శ్రోతకు మాత్రం అన్నీ కలిసి ఒకే దెబ్బగా తగులుతాయి.

1920వ సంవత్సరం నవంబరు 2న పిట్స్‌బర్గ్ నగరంలో కె.డి.కె.ఎ. అనే స్టేషను అధ్యక్ష ఎన్నికల ఫలితాలు వినిపించింది. దాని యజమాని వెస్టింగ్‌హౌస్ కంపెనీ. ఆ కంపెనీ వ్యాపారమేమిటి? విద్యుత్ సామగ్రి. రేడియో పెట్టెలు అమ్ముడుపోవాలంటే అందులో వినడానికి ఏదైనా ఉండాలి కదా! అందుకే స్టేషను పెట్టారు. అంటే తొలినాళ్ళలో కార్యక్రమాలు ఉచితం, డబ్బంతా పెట్టె మీదనే.

ఆ స్టేషనే 1921 జనవరి 2వ తేదీ ఆదివారం నాడు పిట్స్‌బర్గ్‌లోని కాల్వరీ ఎపిస్కోపల్ దేవాలయం నుండి సాయంకాల ఆరాధనను ప్రసారం చేసింది. రేడియోలో వినిపించిన మొదటి ఆరాధనగా దీన్ని చెబుతారు. అప్పుడు ఆ సంఘపు పెద్ద గురువుకు ఈ కొత్త యంత్రం మీద అంత నమ్మకం లేదట. ప్రసంగం సహాయ గురువుకు అప్పగించారు. ఆరాధనకు వచ్చినవారి మనస్సు చెదరకుండా, వెస్టింగ్‌హౌస్ నుండి వచ్చిన ఇద్దరు సాంకేతిక నిపుణులకు గాయక బృందం వారి అంగీలు తొడిగించి కూర్చోబెట్టారు. వారిలో ఒకరు రోమన్ కాథలిక్, మరొకరు యూదుడు. ఆ ఆరాధనకు ఎవరూ ఎవరికీ రుసుము చెల్లించలేదు.

డబ్బు సంగతి న్యూయార్కులో మొదలైంది. 1922లో అమెరికాలోని పెద్ద టెలిఫోను కంపెనీ ఎ.టి.అండ్‌టి. అక్కడ డబ్ల్యు.ఇ.ఎ.ఎఫ్. అనే స్టేషను తెరిచింది. టెలిఫోను వారి ఆలోచన టెలిఫోను వారిదే. బూత్‌లోకి వెళ్ళి, డబ్బు కట్టి, మాట్లాడి వస్తాం కదా. అలాగే ఎవరైనా రావచ్చు, సమయానికి రుసుము కట్టవచ్చు, లోకమంతటితో మాట్లాడవచ్చు. ఆ సంవత్సరం ఆగస్టు 28 సాయంత్రం క్వీన్స్‌బరో కార్పొరేషన్ అనే ఇళ్ళ వ్యాపార సంస్థ పది నిమిషాలు కొనుక్కుంది. జాక్సన్ హైట్స్‌లో తాము కట్టిన ఇళ్ళకు హాథార్న్ అనే రచయిత పేరు పెట్టారు. మాట్లాడినాయన ఆ రచయితను తలచుకుంటూ మొదలుపెట్టి, ఇరుకైన నగరం విడిచి పచ్చని చోట కాపురముండండని పిలుపునిచ్చాడు. అప్పటి రుసుము 50 డాలర్లని చెబుతారు. వినడానికి దాదాపు ఉపన్యాసంలాగే ఉంది గాని, అది ప్రకటన. వాణిజ్య రేడియో చరిత్రలో ఇక్కడే అసలైన మలుపు వచ్చిందని నా అభిప్రాయం. అప్పటివరకు అమ్మింది పెట్టెను. ఇప్పటినుండి అమ్ముతున్నది సమయాన్ని. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, వింటున్న మన చెవిని.

నాలుగేండ్లు గడిచాయి. 1926లో టెలిఫోను కంపెనీ ఈ వ్యాపారం తనకు వద్దనుకొని, స్టేషనును పది లక్షల డాలర్లకు ఆర్.సి.ఎ. సంస్థకు అమ్మివేసింది. అదే సంవత్సరం నవంబరులో ఆర్.సి.ఎ. వారు ఎన్.బి.సి. అనే ప్రసార వ్యవస్థను ప్రారంభించారు. న్యూయార్కులో పలికిన మాట టెలిఫోను తీగల మీద అనేక నగరాల స్టేషన్లకు చేరేది. 1928లో ప్రభుత్వం దేశంలోని స్టేషన్లన్నిటికీ స్థానాలు మళ్ళీ సర్దినప్పుడు, డబ్ల్యు.ఇ.ఎ.ఎఫ్.‌కు 660 కిలోహెర్ట్జ్ స్థానం దొరికింది. ఈ 660 అనే అంకెను గుర్తుంచుకోండి. దాని కథ చాలా ఉంది.

1930లలో కార్యక్రమాలను నడిపించింది స్టేషను కాదు, స్పాన్సర్లు. సబ్బుల కంపెనీ కథలు వినిపించేది, ఆ కథల మధ్య సబ్బు గురించి చెప్పేది. పగటిపూట ఇంట్లో ఉండే స్త్రీల కోసం ఈ ధారావాహికలు నడిచేవి. 1933లో మొదలైన "మా పర్కిన్స్" అనే కథను ప్రాక్టర్ అండ్ గాంబుల్ వారు బట్టలుతికే పొడి అమ్మడానికి నడిపారు. టీవీ ధారావాహికలను నేటికీ సబ్బు నాటకాలు అనే అర్థం వచ్చే మాటతో పిలవడానికి కారణం ఇదే.

ప్రియులారా, సమయం అమ్ముడుపోయే వస్తువైనప్పుడు వాక్యప్రసంగం సంగతేమిటి? ఇది మనకు దగ్గరి సంగతి గనుక కొంచెం ఆగుదాం. ఎన్.బి.సి. వారు తొలినాళ్ళ నుండే ఒక నియమం పెట్టుకున్నారు. మతపరమైన కార్యక్రమాలకు సమయం అమ్మరు, ఉచితంగానే ఇస్తారు. కాని ఎవరికి ఇవ్వాలో వారే నిర్ణయిస్తారు. పెద్ద సంఘాలలో పేరున్న బోధకులకు, ఏ శాఖనూ నొప్పించకుండా మాట్లాడేవారికి ఆ అవకాశం దొరికింది. బ్రూక్లిన్‌కు చెందిన డాక్టర్ పార్క్స్ కాడ్‌మన్, న్యూయార్కులోని డాక్టర్ హ్యారీ ఎమర్సన్ ఫాస్డిక్ అలా దేశమంతటికీ పరిచయమయ్యారు. చిన్న సంఘాలవారికి, స్వతంత్ర సువార్తికులకు ఆ ద్వారం తెరుచుకోలేదు.

సి.బి.ఎస్. వారు మొదట సమయం అమ్మారు. అలా కొనుక్కున్నవారిలో ఫాదర్ కాగ్లిన్ అనే కాథలిక్ గురువు ఒకరు. ఆయన ప్రసంగాలు వాక్యం నుండి రాజకీయాలకు మళ్ళాయి. చిక్కు వస్తుందని తోచి, 1931లో సి.బి.ఎస్. కూడా మత కార్యక్రమాలకు సమయం అమ్మడం మానేసింది. కాగ్లిన్ గారు ఊరుకోలేదు, ఒక్కొక్క స్టేషనునూ విడివిడిగా ఒప్పించి తన సొంత వరుసను కట్టుకున్నారు. 1930లో సి.బి.ఎస్. మీదనే మొదలైన "లూథరన్ అవర్" మాత్రం ఆగిపోయి, 1935లో మ్యూచువల్ అనే మరొక వ్యవస్థ మీద తిరిగి వినిపించింది. అదే మ్యూచువల్ మీద 1937 నుండి చార్లెస్ ఫుల్లర్ గారి "ఓల్డ్ ఫ్యాషన్డ్ రివైవల్ అవర్" దేశమంతటా వినబడింది. శ్రోతలు కవర్లలో పెట్టి పంపిన చిన్న చిన్న కానుకలతోనే ఆయన ఆ సమయాన్ని కొనేవారు.

1944లో మ్యూచువల్ కూడా పద్ధతి మార్చింది. డబ్బు కట్టే మత కార్యక్రమాలు ఆదివారం ఉదయం మాత్రమే, అది కూడా అరగంట మించకూడదు, కానుకలు అడగకూడదు అన్నారు. ఫుల్లర్ గారు విడి విడి స్టేషన్ల దగ్గర సమయం కొనుక్కొని కార్యక్రమం నిలుపుకున్నారు. 1949లో ఎ.బి.సి. ఆయనకు తలుపు తెరిచింది. ఈ ఎ.బి.సి. ఎక్కడిది? ఎన్.బి.సి.‌కి రెండు వ్యవస్థలు ఉండేవి. ఒకే యజమాని చేతిలో రెండు ఉండకూడదని ప్రభుత్వం పట్టుబట్టింది. 1943లో రెండవదాన్ని, చప్పరించే మిఠాయిల వ్యాపారంలో ధనవంతుడైన ఎడ్వర్డ్ నోబుల్ అనే ఆయనకు 80 లక్షల డాలర్లకు అమ్మవలసివచ్చింది. అదే ఎ.బి.సి. అయింది. యాజమాన్యం చట్టం ఒకటి మారితే, ఆరేండ్ల తరువాత ఒక సువార్తికుని స్వరానికి దారి దొరికింది. ఉచితంగా ఇచ్చేవాడు ఎవరికివ్వాలో తానే ఎంచుకుంటాడు, అమ్మేవాడు రేపు అమ్మనని చెప్పగలడు. అప్పటి క్రైస్తవ ప్రసారకులు ఈ రెండింటినీ చవిచూశారు. మతప్రసారకుల జాతీయ సంఘం అమెరికాలో 1944లోనే ఏర్పడటం కాకతాళీయం కాదు.

ఇంతలో టెలివిజన్ వచ్చింది. 1950లలో నాటకాలు, హాస్యం, సబ్బుల కథలు, స్పాన్సర్లు అన్నీ ఒక్కొక్కటిగా అటువైపు వెళ్ళిపోయాయి. రేడియో పని అయిపోయిందని అందరూ అనుకున్నారు. అప్పుడే ఫార్మాట్ అనే ఆలోచన బలపడింది. అంతకుముందు ఒకే స్టేషనులో ఉదయం ప్రార్థన, మధ్యాహ్నం కథ, సాయంత్రం వార్తలు, రాత్రి వాద్యగోష్ఠి ఉండేవి. ఊరంతటికీ ఒకే స్టేషను అన్నట్టు. ఇప్పుడు అలా కాదు. రోజంతా ఒకే రకం. ఒమాహా నగరంలో టాడ్ స్టోర్జ్ అనే యువ యజమాని హోటళ్ళలో డబ్బులు వేస్తే పాడే పాటల పెట్టెలను గమనించాడని చెబుతారు. జనం కొత్త కొత్త పాటలు కోరలేదు, అవే కొన్ని పాటలు మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు. పనివారు సైతం రోజంతా విన్న పాటనే మళ్ళీ పెట్టుకున్నారట. అలా ముఖ్యమైన నలభై పాటలనే తిప్పి తిప్పి వేసే పద్ధతి పుట్టింది. రికార్డులు వేయడానికి నటులు, వాద్యకారులు అక్కరలేదు. ఖర్చు తక్కువ, ప్రకటనలు ఎక్కువ.

ఫార్మాట్ అంటే ఏ శ్రోతలను పోగుచేయాలి అన్న నిర్ణయం, ప్రియులారా. పాటలంటే మక్కువ కలిగి స్టేషను ఆ పాటలు వేస్తుందని మనం అనుకుంటాం. కొందరు అలా ఉన్నారు, కాదనను. కాని లెక్క వేరు. పద్దెనిమిదేండ్లవారు కావాలా, నలభై దాటినవారు కావాలా, కారు నడిపేవారా, ఇంట్లో ఉండేవారా? ఎవరిని పోగుచేస్తే ఏ ప్రకటనదారు డబ్బిస్తాడు? ఆ లెక్క తేలిన తరువాతే పాట. వయస్సు మళ్ళిన శ్రోతలు లక్షలమంది ఉన్నా, ప్రకటనదారు వారిని కోరుకోకపోతే ఆ స్టేషను మారిపోతుంది. ఎంతమంది వింటున్నారు అన్నదొక్కటే వారి కొలత కాదు.

తరువాత ఎఫ్.ఎం. వచ్చింది. గురగుర లేని స్వచ్ఛమైన శబ్దం. మొదట్లో యజమానులు తమ పాత ఎ.ఎం. కార్యక్రమాన్నే ఎఫ్.ఎం. మీద కూడా వేసి ఊరుకునేవారు. పెద్ద పట్టణాల్లో కనీసం సగం సమయం వేరే కార్యక్రమాలు ఉండాలని 1960ల మధ్యలో ప్రభుత్వం ఆజ్ఞాపించడంతో ఎఫ్.ఎం. సొంత కాళ్ళ మీద నిలబడింది. 1970ల చివరికి శ్రోతల సంఖ్యలో ఎ.ఎం.‌ను దాటిపోయింది. పాటలన్నీ ఎఫ్.ఎం.‌కు తరలిపోయాక ఎ.ఎం.‌కు మిగిలింది మాట. వార్తలు, ఆటలు, చర్చలు, వాక్యం.

ఇప్పుడు మన 660 దగ్గరికి తిరిగి వెళ్దాం. డబ్ల్యు.ఇ.ఎ.ఎఫ్. అనే పేరు 1946లో డబ్ల్యు.ఎన్.బి.సి. అయింది. 1954లో యజమాని పేరుతో డబ్ల్యు.ఆర్.సి.ఎ. అయింది. 1960లో మళ్ళీ డబ్ల్యు.ఎన్.బి.సి. కథలు పోయాయి, పాటలు వచ్చాయి, నోరున్న వ్యాఖ్యాతలు వచ్చారు. 1986లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఆర్.సి.ఎ.‌ను కొన్నది. కొత్త యజమానికి రేడియో మీద ఆసక్తి లేదు. ఇండియానాపోలిస్‌కు చెందిన ఎమిస్ సంస్థ ఆ స్థానాన్ని కొన్నది. ఎమిస్ వారు 1987 జూలై 1న న్యూయార్కులోనే 1050 స్థానంలో పల్లెపాటల స్టేషను ఒకటి తీసివేసి, రోజంతా ఆటల గురించే మాట్లాడే డబ్ల్యు.ఎఫ్.ఎ.ఎన్. అనే స్టేషను పెట్టి ఉన్నారు. రోజంతా ఆటల కబుర్లేనా అని నవ్వినవారున్నారు. 1988 అక్టోబరు 7 సాయంత్రం ఐదున్నరకు డబ్ల్యు.ఎన్.బి.సి. స్వరం ఆగింది, 660 మీద ఆటల స్టేషను మొదలైంది. మొట్టమొదటి రేడియో ప్రకటన వినిపించిన స్టేషను వారసత్వం అలా ఆ సాయంత్రం ముగిసింది.

నవ్వినవారు తరువాత నవ్వలేదు. నాలుగేండ్లకే, 1992లో, ఎమిస్ ఆ స్టేషనును ఇన్ఫినిటీ సంస్థకు 7 కోట్ల డాలర్లకు అమ్మింది. ఇన్ఫినిటీ సి.బి.ఎస్.‌లో కలిసింది. సి.బి.ఎస్. రేడియో స్టేషన్లు 2017లో ఎంటర్‌కామ్ అనే కంపెనీలో కలిశాయి. ఆ కంపెనీ 2021లో ఆడసీ అని పేరు మార్చుకుంది. 2024 జనవరిలో అప్పుల భారం వలన దివాలా రక్షణ కోరింది. ఇన్ని చేతులు మారినా 660 మీద ఆటల కబుర్లు మాత్రం మారలేదు. యజమాని మారితే ఫార్మాట్ మారి తీరాలని నియమమేమీ లేదు. డబ్బు తెచ్చేదాన్ని ఎవరూ కదిలించరు.

మరి శ్రోతలకు ఇందులో హక్కేమీ లేదా? ఈ ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. న్యూయార్కులో 104.3 ఎఫ్.ఎం. మీద డబ్ల్యు.ఎన్.సి.ఎన్. అనే శాస్త్రీయ సంగీతపు స్టేషను ఉండేది. 1974 నవంబరులో యజమాని దాన్ని ఒక్కసారిగా రాక్ సంగీతానికి మార్చి, పేరు కూడా మార్చాడు. శ్రోతలు ఊరికే బాధపడి కూర్చోలేదు. ఒక సంఘంగా ఏర్పడ్డారు, చందాలు వేసుకున్నారు, న్యాయవాదిని పెట్టుకున్నారు, లైసెన్సు పొడిగించవద్దని ప్రభుత్వ సంస్థకు అర్జీ పెట్టారు. పోరాటం ఫలించింది. 1975లో స్టేషను కొత్త యజమాని చేతికి వచ్చి, పాత పేరుతో శాస్త్రీయ సంగీతం తిరిగి వినిపించింది.

అయితే వారు అడిగిన పెద్ద ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఊళ్ళో మరెక్కడా దొరకని కార్యక్రమాన్ని యజమాని తీసివేస్తుంటే, ప్రభుత్వం పరిశీలించవలసిన పని లేదా? ఆకాశంలోని తరంగం ఎవరి సొత్తూ కాదు, లైసెన్సు ఇచ్చేది ప్రజల మేలు కోసమే అని చట్టమే చెబుతోంది కదా? 1981లో సుప్రీంకోర్టు ఏడుగురు ఒకవైపు, ఇద్దరు మరొకవైపుగా తీర్పు చెప్పింది. ఏ ఫార్మాట్ ఉండాలో బజారుకు వదిలివేయవచ్చునన్న ప్రభుత్వ సంస్థ విధానం చెల్లుతుందని ఆ తీర్పు. భిన్నంగా రాసినవారు జస్టిస్ థర్‌గుడ్ మార్షల్. 1993 డిసెంబరులో అదే 104.3 మళ్ళీ రాక్ సంగీతానికి మారింది. ఈసారి అడ్డుకునే దారి శ్రోతలకు మిగల్లేదు.

ఆ తీర్పును తప్పని అనడం సులువు. నాకైతే రెండు వైపులా ఆలోచన ఉంది. ఏ పాట వేయాలో, ఏ ప్రసంగం తీసివేయకూడదో ప్రభుత్వోద్యోగి నిర్ణయించే రోజు వస్తే, అది మనకు మేలు చేస్తుందని ఖాయంగా చెప్పగలమా? కాని ఆ శ్రోతలు పోగొట్టుకున్నది మాత్రం నిజమే.

యజమానుల సంగతికి వస్తే, ఒకరి చేతిలో ఎన్ని స్టేషన్లు ఉండవచ్చునన్న హద్దు చాలాకాలం ఉండేది. 1950ల నుండి దేశమంతటా ఏడు ఎ.ఎం., ఏడు ఎఫ్.ఎం. మాత్రమే. 1985లో అది పన్నెండేసి అయింది, తరువాత ఇంకా పెరిగింది. 1996 ఫిబ్రవరిలో వచ్చిన చట్టం దేశవ్యాప్త హద్దును పూర్తిగా తీసివేసింది. పెద్ద నగరాల్లో ఒకే కంపెనీ ఎనిమిది స్టేషన్లు పెట్టుకోవచ్చు. ఆ తరువాత జరిగినది రేడియో లోకంలో మునుపెన్నడూ జరగలేదు. సుమారు 40 స్టేషన్లున్న క్లియర్ ఛానల్ అనే కంపెనీ కొన్నేళ్ళలోనే దాదాపు 1,200 స్టేషన్లకు ఎదిగింది.

ఇన్ని స్టేషన్లను నడిపేదెట్లా? ఒక ఊళ్ళో కూర్చున్న వ్యాఖ్యాత పది ఊళ్ళకు ముందుగానే మాటలు రికార్డు చేసి పంపుతాడు. వినేవారికి మన ఊరివాడే అనిపిస్తుంది. రాత్రిపూట స్టూడియోలో మనిషి ఉండడు, కంప్యూటరు ఉంటుంది. 2002 జనవరి 18 తెల్లవారకముందు నార్త్ డకోటా రాష్ట్రంలోని మైనాట్ ఊరి దగ్గర రైలు పట్టాలు తప్పి, అమ్మోనియా విషవాయువు వెలువడింది. ఆ ఊళ్ళోని ఆరు వాణిజ్య స్టేషన్లూ ఒకే కంపెనీవి. ప్రజలను హెచ్చరించడానికి పోలీసులు ఫోను చేస్తే వెంటనే అందుకున్నవారు లేరని ఒక వైపు చెప్పారు. హెచ్చరిక యంత్రాన్ని అధికారులే సరిగా వాడలేదని కంపెనీ చెప్పింది. వాదం ఎటు తేలినా, ఒక మనిషి ఆ రాత్రి చనిపోయాడు. స్టేషను ఊళ్ళో ఉండటానికీ, ఊళ్ళో మనిషి ఉండటానికీ ఉన్న తేడా అమెరికాలో అప్పుడు చాలామందికి అర్థమయింది.

ఇన్ని స్టేషన్లు కొన్నది చేతి డబ్బుతో కాదు, అప్పుతో. 2008లో క్లియర్ ఛానల్‌ను పెట్టుబడి సంస్థలు అప్పు చేసి కొన్నాయి. ప్రకటనల డబ్బు ఇంటర్నెట్ వైపు మళ్ళింది. వడ్డీ మాత్రం ఆగలేదు. 2014లో ఐహార్ట్‌మీడియా అని పేరు మార్చుకున్న ఆ కంపెనీ 2018లో సుమారు 2,000 కోట్ల డాలర్ల అప్పుతో దివాలా రక్షణ కోరింది. ఇలాంటి కంపెనీ చేతిలో ఉన్న స్టేషనులో ఫార్మాట్ మారితే, కారణం శ్రోతలు తగ్గడమే కానక్కరలేదు. ఎక్కడో బ్యాంకుకు కట్టవలసిన వాయిదా కావచ్చు. న్యూయార్కులో 880 మీద 1967 ఆగస్టు నుండి రోజంతా వార్తలే వినిపించిన డబ్ల్యు.సి.బి.ఎస్. స్టేషను, 57 ఏండ్ల తరువాత 2024 ఆగస్టులో వార్తలు ఆపింది. ఆ స్థానం ఆటల స్టేషనుకు అద్దెకు వెళ్ళింది. దాని యజమాని కూడా ఇంతకుముందు చెప్పిన ఆడసీయే.

ఈ అమ్మకాల్లో క్రైస్తవ సంస్థలు ఊరికే చూస్తూ లేవు, అవీ కొంటున్నాయి, అమ్ముతున్నాయి. న్యూయార్కులో 570 మీద డబ్ల్యు.ఎం.సి.ఎ. 1960లలో యువకుల పాటలకు పేరుపొందింది, 1970లో చర్చల స్టేషను అయింది. 1989లో దాన్ని సేలం అనే సంస్థ కొని క్రైస్తవ బోధలకు కేటాయించింది. సేలం లాభం కోసం నడిచే వాణిజ్య సంస్థ. బోధకులకు అరగంటలు అమ్మడం దాని ఆదాయాల్లో ఒకటి. ఫుల్లర్ గారి కాలం నాటి పద్ధతి ఇక్కడ ఇంకా బ్రతికి ఉంది. కె-లవ్ అనే క్రైస్తవ పాటల వ్యవస్థది మరో దారి. 1982లో కాలిఫోర్నియాలోని సాంటా రోసాలో ఒక్క స్టేషనుతో మొదలై, లాభాపేక్ష లేని సంస్థగా శ్రోతల కానుకల మీద నడుస్తూ, వాణిజ్య స్టేషన్లను ఒక్కొక్కటిగా కొంటూ వచ్చింది. 2019 మే 31 సాయంత్రం న్యూయార్కులో 95.5 మీద డబ్ల్యు.పి.ఎల్.జె. అనే పాత రాక్, పాప్ పాటల స్టేషను ఆగి, కె-లవ్ మొదలైంది. ఆ స్టేషనుతో కలిపి ఆరు స్టేషన్లకు ఇచ్చిన వెల 10 కోట్ల 35 లక్షల డాలర్లు. ఒక చిన్న విశేషం. డబ్ల్యు.పి.ఎల్.జె. అనే అక్షరాలు ద్రాక్షమద్యంలో నిమ్మరసం కలిపిన పానీయం గురించిన ఒక పాట పేరు నుండి తీసుకున్నవి!

మనవారికి అది సంతోషమే. అయితే ఆ సాయంత్రం దశాబ్దాలుగా ఆ పాత స్టేషను వింటున్నవారికి కలిగిన బాధ కూడా 104.3 శ్రోతల బాధలాంటిదే. తిరగబడిన సందర్భాలూ ఉన్నాయి. లాస్ ఏంజెలెస్‌లో 1924లో సువార్తికురాలు ఏమీ సెంపుల్ మెక్‌ఫెర్సన్ ప్రారంభించిన కె.ఎఫ్.ఎస్.జి. స్టేషను ఆ సంఘం చేతిలోనే ఏడు దశాబ్దాలకు పైగా ఉంది. 2000ల తొలి సంవత్సరాల్లో ఆ సంఘం తన ఎఫ్.ఎం. స్థానాన్ని స్పానిష్ భాషా రేడియో సంస్థకు 25 కోట్ల డాలర్లకు ఇచ్చివేసింది. 2024 డిసెంబరు చివరిలో సేలం కూడా తన ఏడు క్రైస్తవ పాటల స్టేషన్లను కె-లవ్ మాతృసంస్థకు 8 కోట్ల డాలర్లకు అమ్మే ఒప్పందం ప్రకటించింది. క్రైస్తవ స్టేషను క్రైస్తవ స్టేషనే, ఫార్మాట్ కూడా దగ్గరిదే. కాని ఆ ఊరి వ్యాఖ్యాతల స్థానంలో దేశమంతటికీ ఒకటే అయిన కార్యక్రమం వచ్చింది.

ఇక మన దేశం. మనకు వాణిజ్య రేడియో మొదట సముద్రం అవతల నుండి వచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం సింహళంలో నిలిపిన శక్తిమంతమైన ప్రసార యంత్రం యుద్ధం ముగిశాక రేడియో సిలోన్ చేతికి వచ్చింది. 1950లో అక్కడ వాణిజ్య విభాగం మొదలైంది. 1952లో ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెట్టేసరికి భారతదేశపు శ్రోతలు అటు తిరిగారు. బినాకా గీత్‌మాలా ఆ సంవత్సరమే మొదలైంది. తెలుగు పాటలూ అక్కడ వినిపించాయి, సమయం కొనుక్కున్న క్రైస్తవ కార్యక్రమాలూ వినిపించాయి. స్టేషను అక్కడి ప్రభుత్వానిది, డబ్బు ఇక్కడి ప్రకటనదారులది. మన ప్రభుత్వం 1957 అక్టోబరు 3న వివిధ భారతిని ప్రారంభించింది, 1967లో అందులో ప్రకటనలను అనుమతించింది. దానితో సిలోన్ ఆదాయం తరిగిపోతూ వచ్చింది.

తరంగాలు ప్రజల సొత్తని మన సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. ప్రైవేటు ఎఫ్.ఎం. 2001లో బెంగుళూరులో రేడియో సిటీతో మొదలై, 2006లో హైదరాబాదుకు చేరింది. తొలి విడతలో ఏటేటా పెరిగే నిర్ణీత రుసుము వలన కంపెనీలు నష్టపోయాయి. 2005లో దాన్ని మార్చి ఆదాయంలో వాటా తీసుకునే పద్ధతి పెట్టారు. మన దగ్గరా చేతులు మారడం మొదలైంది. రేడియో సిటీ 2015లో జాగరణ్ పత్రికల సంస్థ చేతికి వెళ్ళింది. బిగ్ ఎఫ్.ఎం. అప్పుల్లో పడి 2024లో సఫైర్ మీడియా చేతికి వెళ్ళింది. హైదరాబాదులో 93.5 మీద మొదట ఎస్ ఎఫ్.ఎం. అనే పేరు విన్నాం, తరువాత రెడ్ ఎఫ్.ఎం. అయింది.

అమెరికాకూ మనకూ ఒక పెద్ద తేడా ఉంది. 2005, 2011 విధానాల ప్రకారం మన దేశంలో మత సంస్థలకు గాని, వాటితో సంబంధమున్న కంపెనీలకు గాని ఎఫ్.ఎం. లైసెన్సు ఇవ్వరు. ఏ మతానికైనా ఇదే నియమం. అందుచేత కె-లవ్ లాగా స్టేషను కొనే దారి మన సంఘాలకు లేదు. మిగిలింది ఇతరుల స్టేషనులో సమయం, లేదా విదేశంలోని ప్రసార కేంద్రం. సీషెల్స్ దీవుల నుండి ఫేబా వారు 1970లో మొదలుపెట్టిన ప్రసారాలు తెలుగులోనూ ఎన్నో ఏళ్ళు మన గ్రామాలకు చేరాయి. 2003లో ఆ కేంద్రం మూతపడింది. తరువాత వారు ఇతర దేశాల కేంద్రాల్లో గంటలు అద్దెకు తీసుకుని కార్యక్రమాలు కొనసాగించారు. ఇలా కేంద్రం మారినప్పుడు మీటరు బ్యాండు మారుతుంది, వేళ మారుతుంది, కొన్ని ప్రాంతాల్లో శబ్దం సన్నగిల్లుతుంది. రేడియో ప్రసంగాలు ముద్రించే పత్రికలు ప్రతి సంచికలోనూ కార్యక్రమాల వేళలూ మీటర్లూ మళ్ళీ మళ్ళీ అచ్చువేస్తూ వచ్చింది అందుకే.